కడిగిన రూపాయి

నేను పుట్టు పిరికివాణ్ణి. మా ఫ్యాక్టరీలో నాకు భయపడటానికే జీతం ఇస్తారు. గడ్డపోతారంలో మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. ఏ వాల్వు కారుతోందో, ఏ గేజు ముల్లు ఉండాల్సిన దానికంటే పైకి లేచిందో చూసుకుంటూ తిరగడమే నా పని. ఇన్నేళ్లలో రెండుసార్లు సైరన్ మోగితే గేటు దాకా పరిగెత్తాను. ఆ రెండుసార్లూ కలిపినా, ఆ ఆదివారం పొద్దున ఒక వెండి రూపాయిని చూసి భయపడినంత భయం కాదు.

నాకు పాత నాణేలు దాచే అలవాటు ఉంది. మా అమ్మ దాన్ని చెల్లని పైసల పిచ్చి అంటుంది. ఈ పిచ్చి ఉన్నవాళ్లం కొంతమందిమి కలిసి సంగారెడ్డిలో ఒక సంఘం పెట్టుకున్నాం. ఏడాదికోసారి హైవే పక్కన ఒక ఫంక్షన్ హాలు రెండు రోజులు కిరాయికి తీసుకుని ప్రదర్శన జరుపుతాం. పెళ్లిళ్లు లేనప్పుడే హాలు చవగ్గా దొరుకుతుంది కాబట్టి మా ప్రదర్శన ఎప్పుడూ మూఢంలోనే వస్తుంది. మూఢంలో పెట్టిన పని ముక్కలైతది అని అమ్మ ప్రతి ఏడూ అంటుంది, నేను ప్రతి ఏడూ నవ్వుతాను.

ఆ ఏడు మాకు అదృష్టం తలుపు తట్టిందనుకున్నాం. సినిమాల్లో ఏళ్ల తరబడి పెద్దన్నయ్య వేషాలు, ఆ తర్వాత తండ్రి వేషాలు వేసిన ఒక నటుడికి నాణేలంటే మాకంటే ఎక్కువ పిచ్చి. టీవీల్లో కూడా సినిమాల గురించి అడిగితే రెండు మాటలు చెప్పి నాణేల గురించి ఇరవై చెబుతాడు. ఆయనకు సన్మానం చేస్తాం రమ్మని అడిగితే, వస్తానన్నాడు. వస్తాననడమే కాదు, తనకు అన్నిటికంటే ఇష్టమైన రూపాయిని రెండు రోజుల ముందే పంపిస్తాను, జనం కళ్లారా చూడాలి, ఆదివారం సన్మానం అయ్యాక వెంట తీసుకుపోతానన్నాడు.

అది నిజాం కాలం నాటి హాలీ సిక్కా. ఒకవైపు చార్మినార్ బొమ్మ, దాని నడిమి గుమ్మంలో ఒక ఉర్దూ అక్షరం. అలాంటివి నా దగ్గరా రెండున్నాయి. ఆయన రూపాయి గొప్పతనమంతా రంగులో ఉంది. వెండికి గాలి తగిలితే నల్లబడుతుందని అందరికీ తెలిసిందే. ఎక్కడో ఒక నాణెం మాత్రం, ఏ గుడ్డలో ఏ మూల పడి ఉన్న పుణ్యమో, నల్లబడకుండా రంగులు తిరుగుతుంది. ఈ రూపాయికి అంచుల వెంట నెమలికంఠం రంగు, లోపలికి వచ్చేకొద్దీ ఊదా, నడుమ ముదురు తేనె రంగు. ఇంటికి నిప్పంటుకుంటే ముందు దీన్ని జేబులో వేసుకుని బయటపడతానని ఆయన ఒకసారి టీవీలో చెప్పాడు. చెబుతుంటే గొంతు మారింది.

నాణేలు దాచేవాళ్లకు ఒకే ఒక్క మహాపాపం ఉంది, కడగడం. చింతపండు, నిమ్మకాయ, పళ్లపొడి, ఏది తగిలినా ఆ రంగు పోతుంది. పోతే మళ్లీ రాదు. కడిగిన నాణెం తళతళా మెరుస్తుంది గానీ, తెలిసినవాడు దాన్ని చేత్తో కూడా ముట్టడు. ఈ మాట నేను ఎన్ని బడులకు వెళ్లి పిల్లలకు చెప్పానో లెక్క లేదు. ఊరందరికీ చెప్పాను, మా ఇంట్లో చెప్పలేదు. నా నాణేలు నా పెట్టెలో ఉండేవి, చెల్లని పైసల జోలికి అమ్మ ఏనాడూ రాలేదు.

శుక్రవారం ఆ నటుడి డ్రైవరు గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో రూపాయి తెచ్చి ఇచ్చాడు. హాలులో తాళం వేసే చోటు లేదు. నీ ఇంట్లో ఇనుప బీరువా ఉంది కదా, నీ దగ్గరే పెట్టు అని సంఘంవాళ్లందరూ నా మీదకు తోశారు. పటాన్‌చెరులో మా ఇంటికి చేరే దాకా చొక్కా జేబు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఒంటి చేత్తో బండి నడిపాను.

అమ్మకు ఆ నటుడంటే ప్రాణం. ఏ సినిమాలోనైనా ఆయన చచ్చిపోతే ఆ పూట సరిగ్గా అన్నం తినదు. ఆయన రూపాయి మన బీరువాలో ఉందంటే నమ్మలేదు. డబ్బీ మీద నుంచే చూసి దండం పెట్టింది. శనివారమంతా నేను హాలులో ఆ గాజు పెట్టె పక్కనే నిలబడ్డాను. ఎవరైనా వంగి చూస్తే వాళ్ల చేతుల వంక చూశాను. చాయ్ తాగడానికి కూడా కదల్లేదు. సాయంత్రం మళ్లీ ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టి, తాళంచెవి అమ్మకిచ్చాక గానీ ఊపిరి ఆడలేదు. ఆమె తాళంచెవి బొడ్లో దోపుకుందంటే అది బ్యాంకు కంటే గట్టి.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరికి సన్మానం చేసినా, శాలువా మడిచి పళ్లెంలో పెట్టి, ఆ శాలువా మీద వాళ్లు ప్రాణంగా చూసుకునే నాణెం ఒకటి ఉంచి, ఎవరి ఇంటి పెద్దావిడ చేతనైనా అందిస్తాం. ఆ ఏడు ఆ గౌరవం అమ్మకు ఇచ్చారు. నేనే అడిగి ఇప్పించాను. శనివారం సాయంత్రం ఆమెతో అన్నాను, "అమ్మా, పొద్దుగాల పళ్లెం మంచిగ తయారు చెయ్యి. రూపాయి గూడ దాంట్లనే పెట్టు." ఇంకొక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

ఆదివారం పొద్దున్నే పూలదండ తేవడానికి మార్కెట్‌కు వెళ్లి, ఏడున్నరకు తిరిగొచ్చాను. బల్ల మీద ఇత్తడి పళ్లెం ఉంది. తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ, మడిచిన శాలువా. శాలువా మీద రూపాయి. టంకశాలలోంచి అప్పుడే వచ్చినట్టు తెల్లగా మెరుస్తోంది. చార్మినార్ మీద పసుపు, పసుపు మీద కుంకుమ బొట్టు.

నా చేతిలోంచి దండ జారింది. ముందు నా కళ్లను అనుమానించాను. వంగి చూశాను. నెమలికంఠం లేదు, ఊదా లేదు. ఒట్టి తెల్ల వెండి. కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

"గట్ల నిలవడ్డవేంది బిడ్డా? ఎట్లుంది?" అంది అమ్మ వంటింట్లోంచి వస్తూ.

"రూపాయి కడిగినవా?"

"కడగకుంట పెడతరా? గంత నల్లగైంది. అంచులకైతే నీలం జిడ్డు పట్టింది, ఒక పట్టాన పోతనే లేదు. కుంకుడుకాయ రసంల నానబెట్టి, ఇబూది తోని తోమిన. అంత పెద్దమనిషికి నల్ల రూపాయి పెట్టి ఇస్తే మనకు ఇజ్జతేముంటది?"

కొత్త పట్టుచీర కట్టుకుంది. నుదుట చెమట ఉంది. ఎంతసేపు తోమిందో వేళ్లు ముడతలు పడి ఉన్నాయి. భయం వేస్తే నా నోరు పడిపోతుంది, సైరన్ మోగినప్పుడూ అంతే. కనీసం కుంకుమైనా తుడుద్దామని చెయ్యి పెట్టబోతే ఆమె పట్టుకుంది. "దేవుని కాడ పెట్టి తెచ్చిన. తుడవొద్దు" అంది.

ఆటోలో సంగారెడ్డి దాకా పళ్లెం అమ్మ ఒడిలో ఉంది, మీద జాకెట్టు గుడ్డ కప్పింది. నేను పక్కన కూర్చుని అబద్ధాలు వెతుక్కున్నాను. ఎవరో దొంగిలించి వేరేది పెట్టారని చెబుదామా? అలా చెబితే పోలీసులు వస్తారు. మా వైపు కంపెనీల పొగకు రంగు మారిందందామా? పొగ వెండిని నల్లగా చేస్తుంది గానీ మెరిపించదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. నా దగ్గరున్న హాలీ సిక్కాల్లో ఒకటి పెట్టి మార్చుదామా అని కూడా ఆలోచించాను. అంత దూరం వెళ్లింది బుద్ధి. అమ్మ మధ్యమధ్యలో గుడ్డ ఎత్తి చూసుకుంటూ, "ఎండ పడితే జూడు బిడ్డా, ఎట్ల మెరుస్తుందో" అంటోంది.

హాలులో మొదట పట్టుకున్నది చాచా. సంగారెడ్డి బజారులో గడియారాలు బాగుచేస్తాడు, మా సంఘంలో అందరికంటే పాతవాడు. పళ్లెం బల్ల మీద పెట్టగానే అలవాటు ప్రకారం వంగి చూశాడు. కంటికి అద్దం పెట్టుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

"యా అల్లా! ఇదేంది బేటా? ఎవరు జేసిండ్రు?" అన్నాడు గొంతు తగ్గించి.

నేను ముందు వరసలో కూర్చుంటున్న అమ్మ వైపు చూశాను. ఆయనకు అర్థమైంది. గడ్డం నిమురుకున్నాడు.

"స్టేజ్ ఎక్కక ముందే ఆయనకు చెప్పెయ్. అందరి ముందట చూసిండంటే తట్టుకోడు. కళాకారుడు, ఏమంటడో ఏమో."

"కేసు పెడితే చాచా?"

"పెడితే పెట్టనియ్. కేసుకు నువ్వు పోతవ్. ఇక్కడ మాటలు పడేది మీ అమ్మ."

అప్పుడు తెలిసింది నేను దేనికి వణుకుతున్నానో. కేసూ కాదు, పరువూ కాదు. ఏ మనిషి సినిమాలో చచ్చిపోతే అమ్మ అన్నం మానేస్తుందో, ఆ మనిషే రెండు వందల మంది ముందు మైకులో ఆమెను ఒక్క మాట అంటే ఆమె ఏమైపోతుంది? ముందు వరసలో చీర కొంగు సర్దుకుంటూ, గుమ్మం వైపే చూస్తోంది.

పదకొండుకు ఆయన వచ్చాడు. తెల్ల లాల్చీ, తెరమీద కంటే పొట్టిగా ఉన్నాడు. జనం ఫొటోల కోసం మీద పడ్డారు. వాళ్లను తప్పించి, ఫంక్షన్ హాలులో పెళ్లికూతుర్ని కూర్చోబెట్టే గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను. పళ్లెంలోంచి తీసి కర్చీఫులో చుట్టి తెచ్చిన రూపాయి చేతికిచ్చాను.

"సార్, దీన్ని కడిగిన. నేనే. పొద్దుగాల. తప్పయింది సార్."

ఆయన కళ్లద్దాలు తీశాడు. జేబులోంచి చిన్న భూతద్దం తీసి రూపాయిని అటూ ఇటూ తిప్పాడు. అంచు చుట్టూ ఒక్కో చోటే ఆగుతూ చూశాడు, ఎక్కడైనా కొంచెం మిగిలిందేమోనని. చివరికి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మీరు నాణేలు ఎన్నేళ్లుగా దాస్తున్నారు?"

"ఇరవై ఏండ్లయింది సార్."

"ఇరవయ్యేళ్లు దాచినవాడు కుంకుడుకాయతో కడిగాడా?"

నేను తల వంచుకున్నాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. రూపాయి తిరిగి నా చేతిలో పెట్టి, "పదండి. జనం ఎదురుచూస్తున్నారు" అన్నాడు. మొహంలో నవ్వు లేదు, కోపమూ లేదు. ఏమీ లేని ఆ మొహం చూసి ఇంకా హడలిపోయాను.

రూపాయిని మళ్లీ పళ్లెంలో శాలువా మీద పెట్టాను. వేదిక మీద ప్రసంగాలు అయ్యాయి. ఏం మాట్లాడారో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. అమ్మను పిలిచారు. పళ్లెం రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కింది. ఆయన ముందు నిలబడి, దండం పెట్టలేక, చేతుల్లో పళ్లెం ఉంది కదా, తల వంచింది. ఇచ్చేసి దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. ఆయన పక్కనే మైకు ఉంది.

"మస్తు నల్లగయి ఉండె నాయినా. నేనే తోమిన. జూడు, ఎట్ల మెరుస్తున్నదో."

ఆ మాట హాలంతా వినిపించింది. బడిపిల్లలు చప్పట్లు కొట్టారు. మా సంఘంవాళ్లు మాత్రం ఊపిరి బిగబట్టారు. ఒకాయన కుర్చీలోంచి సగం లేచాడు. చాచా కళ్లు మూసుకున్నాడు. నటుడు తల తిప్పి నా వైపు ఒక్క చూపు చూశాడు. ఎవరు కడిగారో, నేను ఎందుకు అబద్ధం చెప్పానో ఆ చూపులోనే తేలిపోయింది. నాకు పరిగెత్తాలనిపించింది. గేటు ఎటుందో కూడా చూసుకున్నాను.

ఆయన రూపాయి తీసుకుని పైనున్న దీపాల వైపు ఎత్తాడు. రెండు క్షణాలో, మూడో. అప్పుడు నవ్వాడు, పెద్దన్నయ్య వేషాల్లో నవ్వే ఆ నవ్వు.

"మా రూపాయికి తలంటు పోశారా అమ్మా! పాపం, వందేళ్లుగా దానికి స్నానం లేదు."

హాలు ఘొల్లుమంది. ఆయన వంగి అమ్మ కాళ్లకు దండం పెట్టాడు. అమ్మ ఆయన తల మీద చెయ్యి పెట్టి ఏమేమో దీవించింది, ఏడ్చింది. శాలువా కప్పారు, దండ వేశారు. నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను కాబట్టి నాకొక్కడికే కనిపించింది. ఎడమ చేతిలో రూపాయి ఉంది, బొటనవేలు దాని అంచు మీద మెల్లగా తిరుగుతోంది. ఫొటోలు తీస్తున్నంతసేపూ ఆ వేలు ఆగలేదు.

కారు దాకా సాగనంపాను. ఎక్కబోతూ ఆగి, నాతో మాత్రమే అన్నాడు. "మీ అమ్మగారికి చెప్పకండి."

"చెప్పను సార్."

"ఎప్పటికీ."

"ఎప్పటికీ చెప్పను సార్."

రూపాయిని డబ్బీలో పెట్టుకోలేదు. మామూలు చిల్లర వేసుకున్నట్టు లాల్చీ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

గండం గడిచిందని ఎవరైనా అనుకుంటారు. నాకు మాత్రం వణుకు అప్పుడే మొదలైంది. ఇంటికి వచ్చేసరికి తల పగిలిపోతోంది. అమ్మ మాత్రం చీర కూడా మార్చుకోకుండా ఫోన్లు చేసింది. హత్నూరలో ఉన్న తన చెల్లెలికి, ఎదురింటి ఆమెకు, ఆయన కాళ్లు మొక్కిన సంగతి నాలుగేసి సార్లు చెప్పింది. అన్నం తిని నేను కాస్త నడుం వాల్చాను. లేచి చూస్తే వసారాలో నా నాణేల పెట్టె మూత తీసి ఉంది. ముందు గిన్నెలో కుంకుడుకాయ నురగ. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి కట్టుకుని పీట వేసుకుంటోంది.

"నువ్వు ఎన్నడు పట్టించుకోవు బిడ్డా. అన్ని నల్లగ పడి ఉన్నయ్. రసం ఇంక మిగిలింది, ఇవి గూడ తోమి పెడత" అంది సంతోషంగా.

"ముట్టకు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇక ఆపుకోలేకపోయాను. "ఆ రంగే దాని పానం అమ్మా! నువ్వు జిడ్డు అన్నవే, అదే దాని పానం. తోమి తోమి పానం తీసినవ్. మన ఇల్లు అమ్మినా అది మళ్ల రాదు. నీకు తెల్వదు, అడగవు!"

ఆమె అర్థం కానట్టు చూసింది. "మరి ఆయన నవ్విండు గద బిడ్డా. నా కాళ్లు మొక్కిండు."

"నటుడమ్మా ఆయన! నటించిండు!"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని చిన్నప్పుడు నాకు నేర్పింది ఆమే. ఆయనకు మాటిచ్చి నాలుగు గంటలు కూడా కాలేదు. అమ్మ గిన్నె తీసుకెళ్లి మోరీలో పారబోసింది. పెట్టె మూత వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. తడి ఆరిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

ఆ తర్వాత ఏ కేసూ రాలేదు. ఆ నటుడి నుంచి ఒక్క మాట కూడా రాలేదు. నేను భయపడినవాటిలో ఒక్కటీ జరగలేదు. చాచా ఎప్పుడు కనిపించినా, "అమ్మకు తెల్వలేదు గద?" అని అడుగుతాడు. తెల్వలేదు అంటాను.

ఆమెకు ఎన్నోసార్లు చెప్పాను, తప్పు నాదే, ముందే చెప్పాల్సింది నేనే అని. "నాకేం ఎరుక బిడ్డా, సదువుకున్నదాన్నా" అంటుంది మెల్లగా, కోపం ఏమీ లేకుండా. టీవీలో ఆయన సినిమా వస్తే లేచి వంటింట్లోకి పోతుంది. దేవుడి దగ్గర వెండి కుంది నల్లబడిపోయింది. ఎవరూ తోమొద్దనలేదు, అయినా ముట్టలేదు. ఇంట్లో ఏ వస్తువు తీసుకున్నా ముందు నా మొహం చూస్తుంది. సైరన్ మోగినప్పుడు గేటు దగ్గర కొత్త కూలీల కళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఇప్పుడు అమ్మ కళ్లు అలా ఉంటున్నాయి.

నిన్న ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో నా టిఫిన్ డబ్బా, నేను రోజూ కంపెనీకి పట్టుకెళ్లే స్టీలు డబ్బా.

"ఇది కడగొచ్చునా బిడ్డా?"

"కడుగమ్మా" అన్నాను.

ఆమె నల్లా దగ్గరికి వెళ్లింది. మూత తీసి, డబ్బా వంక చూసి, మళ్లీ నా వైపు తిరిగింది.

"లోపల గూడనా?"